నింద నీళ్లది, మూలం రక్తసంబంధానిది

ప్రకాశం జిల్లా పడమటి పల్లెల్లో ఎవరికైనా కిడ్నీలు పాడయ్యాయని తెలిస్తే, కారణమేమిటని పెద్దగా ఎవరూ అడగరు. 'ఈ నీళ్లు తాగితే ఇంకేమవుతుంది' అన్న ఒక్క మాటతో విచారణ ముగిసిపోతుంది. ఆ మాట ఊరికే పుట్టలేదు. మన దేశంలో, నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్‌ను వర్ణించిన తొలి వైద్య నివేదిక 1937లో ఈ ప్రాంతం నుంచే వెలువడింది. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను విడదీసి ఒంగోలు జిల్లాగా ఏర్పాటు చేశారు, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా పేరు మారింది గాని బోరుబావుల్లో ఊరే నీళ్లు మారలేదు. గార పట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు, ముడుచుకోని మోకాళ్లు తరతరాలుగా చూస్తున్న జనం, కొత్తగా వచ్చిన ప్రతి రోగాన్నీ ఆ నీళ్ల ఖాతాలోనే రాయడంలో ఆశ్చర్యమేమీ లేదు.

చిక్కు ఎక్కడంటే, నీళ్లతో సంబంధం లేని కొన్ని మూత్రపిండ వ్యాధులు కూడా ఆ ఖాతాలోకే వెళ్లి కనబడకుండా పోతాయి. వాటిలో ఒకటి ఆల్పోర్ట్ సిండ్రోమ్. అరుదైన వ్యాధి. పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా 50,000 మందిలో ఒకరికి అని రాస్తూ వచ్చాయి. జన్యుపరీక్షలు పెరిగాక, తేలికపాటి రూపాలను కూడా లెక్కలోకి తీసుకుంటే అంతకంటే ఎక్కువమందే ఉన్నారని వైద్యులు భావిస్తున్నారు. ఇది ఒక మనిషికి వచ్చే రోగం కాదు, ఒక వంశానికి వచ్చేది. అందుకే దీన్ని ఒక్క మనిషి రిపోర్టుల్లో వెతికితే సగమే దొరుకుతుంది.

పొదిలి దగ్గర ఒక పల్లెలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉందని ఊహించుకుందాం. ఇంటి పెద్దావిడకు ముగ్గురు సంతానం. పెద్దకొడుకు చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనికి వెళ్లేవాడు. ఇరవై ఏళ్లు దాటేసరికి చెవులు సరిగ్గా వినపడడం మానేశాయి, 28 ఏళ్లకు ఒళ్లంతా నీరుపట్టి పోయాడు. కూతురికి తొలి కాన్పులో బీపీ పెరిగింది, కాన్పు తర్వాత కూడా తగ్గలేదు. చిన్నకొడుకు 24 ఏళ్లకే వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళుతున్నాడు. కూతురి కొడుకు ఏడేళ్లవాడు. జలుబు చేసి జ్వరం వచ్చినప్పుడల్లా వాడి మూత్రం డికాక్షన్ రంగులోకి మారుతుంది, రెండు మూడు రోజుల్లో దానంతటదే మామూలవుతుంది. పెద్దవాడి చెవుడు మిషన్ల మోత వల్ల, చావు నీళ్ల వల్ల. కూతురి బీపీ కాన్పు వల్ల. చిన్నవాడి కిడ్నీలు మళ్లీ నీళ్ల వల్ల. మనవడికి వేడి చేసింది, సబ్జా గింజలు నానబెట్టి ఇవ్వాలి. నాలుగు సంగతులకు నాలుగు కారణాలు, దేనికదే నమ్మదగినట్టే ఉంటుంది. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మాత్రం ఎవరికీ రాదు, ఎందుకంటే ఒకరు చెవి డాక్టరు దగ్గరికి, ఒకరు కాన్పుల డాక్టరు దగ్గరికి, ఒకరు కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లారు, పిల్లవాడు ఊళ్లో ఆర్ఎంపీ దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

ఈ వ్యాధికి పేరునిచ్చిన ఆర్థర్ సెసిల్ ఆల్పోర్ట్ అనే వైద్యుడు చేసిన పని సరిగ్గా ఆ పక్కపక్కన పెట్టి చూడడమే. మూత్రంలో రక్తం పోతున్న ఒక కుటుంబాన్ని గురించి గత్రీ అనే వైద్యుడు 1902లోనే రాశారు. అదే కుటుంబాన్ని మరికొన్నేళ్ల తర్వాత పరిశీలించిన ఆల్పోర్ట్ 1927లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో, ఆ ఇంట్లో మూత్రపిండాల జబ్బు, చెవుడు జంటగా నడుస్తున్నాయనీ, మగవాళ్లు చిన్న వయసులోనే పోతుంటే ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారనీ గమనించి చెప్పారు. ఆ తేడాకు జన్యుపరమైన మూలం దొరకడానికి 1990 దాకా ఆగవలసి వచ్చింది.

ఒంట్లో జరిగేదేమిటి

ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో అధికభాగాన్ని తిరిగి ఒంట్లోకే పంపుతాయి. ఆ గుత్తుల్లో రక్తనాళాల గోడకు ఆధారంగా ఒక పలుచని పొర ఉంటుంది. నాలుగో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఆ పొరకు ముడిసరుకు. మూడు పోగులు కలిపి పేనిన తాడులాగా, ఆల్ఫా 3, ఆల్ఫా 4, ఆల్ఫా 5 అనే మూడు గొలుసులు ఒకదానితో ఒకటి మెలిపడితేనే అది తయారవుతుంది. మూడు పోగుల్లో ఏ ఒక్కదానికి లోపమున్నా తాడు పడదు. ఆల్ఫా 5కు సంబంధించిన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద, మిగతా రెండింటివి రెండో క్రోమోజోము మీద ఉంటాయి. వంశంలో వ్యాధి నడిచే దారులన్నీ ఈ ఒక్క వివరం నుంచే పుడతాయి కనుక దీన్ని గుర్తుంచుకోవాలి.

మరి పుట్టుకతోనే లోపం ఉన్న మనిషి ఇరవై ఏళ్ల దాకా ఎలా నిలబడగలుగుతాడు? గర్భంలో ఉన్నప్పుడు శిశువు మూత్రపిండాల్లో ఈ పొర వేరే గొలుసులతో, అంటే ఆల్ఫా 1, ఆల్ఫా 2లతో తయారై ఉంటుంది. బిడ్డ ఎదిగేకొద్దీ దాని స్థానంలో గట్టి పొర రావాలి. ఆల్పోర్ట్ ఉన్నవారిలో ఆ మార్పు జరగదు. పెళ్లికి వేసిన తాటాకు పందిరి కిందే ఏళ్ల తరబడి కాపురం చేయవలసి వచ్చినట్టు, తాత్కాలికమైన పొరే జీవితాంతపు పని మోస్తుంది. రోజూ పడే ఒత్తిడికి అది అక్కడక్కడా పలుచబడి, చీలి, పొరలు పొరలుగా విడిపోతుంది. ముందు ఎర్రకణాలు జారిపోతాయి, తర్వాత ఆల్బుమిన్ అనే ప్రోటీన్ జారిపోతుంది, ఆ తర్వాత గుత్తులే మచ్చకట్టి పనిమానేస్తాయి. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరగడం ఈ కథలో చివరి అంకం. మన దగ్గర చాలా కుటుంబాలకు కథ మొదలైందని తెలిసేది అప్పుడే.

అదే కొల్లాజెన్ లోపలి చెవిలోనూ, కంటి కటకం చుట్టూ ఉన్న సంచిలోనూ ఉంటుంది. చెవుడూ కిడ్నీ జబ్బూ ఒకే ఇంట్లో జతగా తిరగడానికి కారణం ఇదే.

ఏళ్లు గడిచేకొద్దీ

ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చే రూపం ఉన్న మగవారి విషయంలో యూరప్ కుటుంబాల పరిశీలనలో తేలిన లెక్కలు కఠినంగా ఉంటాయి. చికిత్స లేకపోతే సగంమందికి 25 ఏళ్లకే మూత్రపిండాలు పూర్తిగా పనిచేయడం మానేస్తాయి. 40 ఏళ్లకు ఆ సంఖ్య 90 శాతానికి చేరుతుంది. లోపం ఏ తరహాదన్నదాన్ని బట్టి ఇది ముందూ వెనకా అవుతుంది. ఒకే కుటుంబంలో మగవారి మధ్య కొంత పోలిక ఉంటుంది గనుక, మేనమామ ఏ వయసులో డయాలసిస్‌కు వెళ్లాడన్నది మేనల్లుడి డాక్టరుకు పనికొచ్చే సమాచారమే.

ఆడవారిని గురించి చాలాకాలం వైద్యులు కూడా ఒక పొరపాటు మాట వాడారు: వాహకులు అన్నారు. అంటే జబ్బును మోసుకెళతారు గాని వారికేమీ కాదని అర్థం. అది నిజం కాదు. రెండు ఎక్స్‌లలో ఒకదానిలో లోపమున్న స్త్రీలలో 95 శాతం మందికి మూత్రంలో కంటికి కనబడని రక్తం పోతుంటుంది. 40 ఏళ్లకు సుమారు 12 శాతం మందికి, 60 ఏళ్లకు సుమారు 30 శాతం మందికి మూత్రపిండాలు పూర్తిగా విఫలమవుతాయి. ఇప్పుడు వారిని కూడా రోగులుగానే పరిగణించి ఏటా పరీక్షించాలని నిపుణులు చెబుతున్నారు. మనం ఊహించుకున్న ఇంట్లో కూతురి బీపీ కాన్పుతో వచ్చింది కాకపోవచ్చు. కాన్పు దాన్ని బయటపెట్టి ఉండవచ్చు.

వినికిడి లోపం పుట్టుకతో రాదు. ఎక్కువగా ఎనిమిది, పదేళ్ల వయసు దాటాక, రెండు చెవుల్లోనూ సమానంగా, సన్నని ధ్వనులతో మొదలవుతుంది. పిల్లవాడికి అచ్చులు వినపడతాయి, పిలిస్తే పలుకుతాడు. 'స', 'శ', 'ఫ' లాంటి సన్నని ధ్వనులే చెవికి చిక్కవు. తరగతిలో డిక్టేషన్ తప్పులు పెరుగుతాయి, టీచరు పరధ్యానం అంటారు, ఇంట్లో మొండితనం అంటారు. మగవారిలో 40 ఏళ్లకు దాదాపు 90 శాతం మందికి ఈ లోపం వస్తుంది. అది సాధారణంగా పూర్తి చెవుడు దాకా పోదు, మాట వినపడే స్థాయికి కొంచెం అవతల ఆగిపోతుంది, వినికిడి యంత్రంతో చాలావరకు సరిపెట్టుకోవచ్చు. అయితే ఈ ఆగిపోవడంలోనే ఒక చిక్కు ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి వైకల్యంగా గుర్తిస్తుంది. దానికి రెండు మెట్లు ఇవతల ఉన్న కుర్రవాడికి సర్టిఫికెట్ రాదు, పాఠం మాత్రం వినపడదు. గ్రానైట్ కోత మిషన్ల దగ్గర, వడ్లమిల్లు దగ్గర పని చేయడం ఇలాంటి చెవులకు మరింత చేటు. ఆ మాటకొస్తే మోత వల్ల వచ్చే చెవుడు ఉండనే ఉంది; ఈ ప్రాంతంలో రెండింటినీ వేరుచేసి చూడడం కష్టమవడానికి కారణం కూడా అదే. వేరుచేసే ప్రశ్న ఒకటుంది: మిషన్ దగ్గరికి వెళ్లకముందు, బడిలో ఉన్నప్పుడు ఎలా వినపడేది?

కంటి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కటకం ముందువైపు శంకువులా ఉబ్బడం ఆల్పోర్ట్‌కు ప్రత్యేకమైన గుర్తు. అద్దాల నంబరు త్వరత్వరగా మారుతుంటుంది. శుక్లం ఆపరేషన్‌లో చేసినట్టే కటకం మార్చి చూపును సరిచేయవచ్చు. రెటీనా మీద కనిపించే చుక్కలు చూపును సాధారణంగా దెబ్బతీయవు గాని రోగనిర్ధారణకు సాయపడతాయి.

మూత్రపిండాలు పూర్తిగా ఆగాక జీవితం ఎలా ఉంటుందన్నది ఈ జిల్లాలో చాలామందికి కళ్లారా తెలిసిన విషయమే. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఏడాదికి 150కి పైగా ప్రయాణాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం కింద డయాలసిస్ ఉచితం, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. నిజంగా పెద్ద సాయం అది. కాని బస్సు, ఆటో, తోడు వచ్చినవారి కూలి నష్టం లెక్కలోకి రావు. తోడు వచ్చేది తల్లో భార్యో అయి ఉంటుంది. వారంలో మూడు రోజులు ఆమెకూ పని పోయినట్టే.

ఇక ఒంటికి జరిగేది రక్తం శుభ్రపడకపోవడం ఒక్కటే కాదు. ఎర్రకణాలు తయారుకమ్మని ఎముక మజ్జకు కబురుపెట్టే హార్మోను మూత్రపిండాల్లోనే పుడుతుంది, అది తగ్గేసరికి రక్తహీనత వస్తుంది. విటమిన్ డి పూర్తిరూపం అక్కడే తయారవుతుంది, అది తగ్గేసరికి ఎముకలు పెళుసవుతాయి. ఫాస్ఫరస్ పెరిగి ఒళ్లంతా దురద పుడుతుంది. గుండె గోడలు మందమవుతాయి; దీర్ఘకాలం డయాలసిస్ మీద ఉన్నవారి ప్రాణాలకు ఎక్కువగా ముప్పు వచ్చేది గుండె వైపు నుంచే. చిన్నవయసులోనే జబ్బు ముదిరితే పిల్లల ఎదుగుదల ఆగుతుంది. రోహిణీ కార్తె ఎండలో రోజుకు లీటరు లోపే తాగాలన్న నియమం, కొబ్బరినీళ్లు, అరటిపండు, ఆవకాయ, ఎండుచేపలు ముట్టకూడదన్న నియమం ఇరవై మూడేళ్లవాడి మీద పెట్టినప్పుడు, స్నేహితులతో కలిసి టీ తాగడం కూడా లెక్కపెట్టుకోవలసిన వ్యవహారమవుతుంది. చెవి సరిగ్గా వినపడకపోవడం దానికి తోడైతే నలుగురిలో కలవడం క్రమంగా తగ్గిపోతుంది. నీరసాన్ని రోగం అంటారు, మౌనాన్ని మాత్రం స్వభావం అనుకుంటారు.

ఇంటిపేరు వెంట వెతికితే దొరకదు

మనకు వంశమంటే ఇంటిపేరు. 'మా వంశంలో ఎవరికీ లేదు' అన్నప్పుడు మనిషి తలచుకునేది తండ్రిని, తాతను, పెదనాన్నలను, చిన్నాన్నలను. ఎక్స్ ద్వారా వచ్చే ఆల్పోర్ట్ ఆ దారిలో నడవదు. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై, ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. అందువల్ల తండ్రి నుంచి కొడుక్కి ఇది సంక్రమించదు. వ్యాధి ఉన్న తండ్రి తన లోపమున్న ఎక్స్‌ను కూతుళ్లందరికీ ఇస్తాడు. లోపమున్న తల్లి ప్రతి కాన్పులోనూ, కొడుకైనా కూతురైనా, సగానికి సగం అవకాశంతో ఇస్తుంది. అంటే ఈ వ్యాధి అత్తవారిళ్లకు వెళ్లిన ఆడపడుచులతో పాటు ప్రయాణం చేసి, ప్రతి తరంలోనూ కొత్త ఇంటిపేరు కింద బయటపడుతుంది. కనుక అడగవలసింది అమ్మ తమ్ముళ్ల గురించి, అమ్మమ్మ అన్నదమ్ముల గురించి, పిన్ని కొడుకుల గురించి. పది పదిహేను శాతం మందిలో కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా పుట్టిన లోపం కూడా ఉంటుంది. అది వేరే మాట.

మేనరికం ఈ లెక్కను మార్చేస్తుంది. వ్యాధి ఉన్న యువకుడు, ఇంకా గుర్తించకముందే, అక్క కూతుర్ని చేసుకున్నాడనుకుందాం. అతని తల్లిలో లోపముంది కనుక అక్కకు అది ఉండే అవకాశం సగం, ఆమె కూతురికి పావు. ఆ పావు నిజమైతే, వీరికి పుట్టే కూతుళ్లలో సగంమందికి తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి చొప్పున రెండు ఎక్స్‌లలోనూ లోపం రావచ్చు. అలాంటి ఆడపిల్లలో వ్యాధి మగపిల్లల్లో ఉన్నంత తీవ్రంగా నడుస్తుంది, స్త్రీలకు తేలిక అన్న ఓదార్పు వారికి వర్తించదు. రెండో క్రోమోజోము మీది జన్యువుల ద్వారా వచ్చే మరో రూపంలో తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం రావాలి. దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లు జరిగే సమాజాల్లో ఇది సహజంగానే ఎక్కువ, ఇందులో ఆడా మగా తేడా లేకుండా ఇద్దరికీ జబ్బు తీవ్రంగానే వస్తుంది. మేనరికాలను తిట్టడానికి ఈ మాటలు చెప్పడం లేదు. పొలం, కట్నం, నమ్మకం వంటి ఎన్నో లెక్కలు ఆ పెళ్లిళ్లలో ఉన్నాయి. ఆ లెక్కల్లో మూత్రపరీక్ష కూడా ఒకటి చేరితే నష్టం లేదు.

నీళ్ల వల్ల వచ్చే జబ్బుకూ దీనికీ ఉన్న తేడా కూడా చుట్టరికంలోనే బయటపడుతుంది. బయటి సంబంధం నుంచి కోడలుగా వచ్చి ముప్ఫై ఏళ్లుగా అదే బోరు నీళ్లు తాగిన ఆమెకు ఆల్పోర్ట్ రాదు. చంటిబిడ్డగా ఉన్నప్పుడే తల్లిదండ్రులతో హైదరాబాదుకు వలసపోయి, కనిగిరి నీళ్లు గుక్కెడు కూడా తాగకుండా పెరిగిన మేనల్లుడికి రావచ్చు. మరొక తేడా మూత్రంలో ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలకుండా వేధిస్తున్న తరహా మూత్రపిండ వ్యాధి ఎక్కువగా నడివయసు కష్టజీవుల్లో కనిపిస్తుంది, అందులో మూత్రంలో రక్తం పోవడం ప్రధాన లక్షణం కాదు. ఆల్పోర్ట్ పసితనంలోనే రక్తంతో మొదలవుతుంది.

అయినా నీళ్లను పూర్తిగా నిర్దోషిగా వదిలేయలేం. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది మూత్రపిండాలే. అవి సన్నగిల్లినవారిలో అది ఎక్కువగా నిలవపడి ఎముకలను ఇంకా దెబ్బతీస్తుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆల్పోర్ట్‌కు నీళ్లు కారణం కాదు గాని, ఆల్పోర్ట్ ఉన్న మనిషి ఆ నీళ్లు తాగకూడని మొదటి మనిషి.

మూత్రపరీక్ష, ఒక చవక మాత్ర

రోగనిర్ధారణకు మార్గాలు చాలానే ఉన్నాయి: మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడడం, జన్యుపరీక్ష, చెవి, కంటి పరీక్షలు. అలా తీసిన ముక్కను, అంటే బయాప్సీని, మామూలు మైక్రోస్కోపుతో మాత్రమే చూస్తే వేరే జబ్బుగా పొరపడే అవకాశం ఉంది. అలా పొరపడి నెలల తరబడి స్టెరాయిడ్లు వాడిన పిల్లలుంటారు. ఈ జబ్బుకు వాటివల్ల ప్రయోజనం లేదు. జన్యుపరీక్ష అరుదైన వ్యాధులకు కేంద్రప్రభుత్వం 2021 విధానంలో గుర్తించిన ప్రత్యేక కేంద్రాల్లో సలహాతో చేయించుకోవచ్చు; మనకు దగ్గరున్నది హైదరాబాదులో నిమ్స్‌తో కలిసి పనిచేసే డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ. కాని అంతదూరం పోవలసిన అవసరముందో లేదో చెప్పేది ఊళ్లోనే చేయగల మూత్రపరీక్ష. పట్టీ ముంచి చూస్తే రక్తం, ఆల్బుమిన్ ఉన్నాయో లేదో తేలిపోతుంది. మేనమామ డయాలసిస్ మీద ఉన్నప్పుడు ఏడేళ్ల మేనల్లుడి మూత్రం ఒక్కసారి కూడా పరీక్షించకపోవడం, నా దృష్టిలో, ఈ వ్యాధి విషయంలో జరిగే అన్ని పొరపాట్లలోకీ ఖరీదైనది.

ఎందుకు ఖరీదైనదంటే, అదే సమయంలో మొదలుపెట్టగల మందు ఉంది. రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు వడపోత గుత్తుల మీద ఒత్తిడిని తగ్గిస్తాయి. జర్మనీ వైద్యుల ఆధ్వర్యంలో యూరప్ రోగుల వివరాలు సేకరించి 2012లో ప్రచురించిన పరిశీలనలో, ఈ మందు వాడనివారు డయాలసిస్‌కు చేరిన మధ్యస్థ వయసు 22; మూత్రపిండాల పనితీరు తగ్గాక మొదలుపెట్టినవారిలో 25; మూత్రంలో ప్రోటీన్ పోతున్న దశలోనే మొదలుపెట్టినవారిలో 40. మందు అదే, మొదలుపెట్టిన సమయం వేరు. ఆ పద్దెనిమిదేళ్లలో ఒక మనిషి చదువు పూర్తిచేసి, పనిలో కుదురుకుని, పిల్లల్ని బడికి పంపే వయసుకు వస్తాడు. జబ్బు నయం కాదు, వాయిదా పడుతుంది, అంతే. కాని ఇలాంటి జబ్బులో వాయిదా చిన్నమాట కాదు. మందు కూడా జనరిక్ దుకాణాల్లో చవగ్గా దొరికేదే.

దాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. పొటాషియం, క్రియాటినిన్ చూస్తూ డాక్టరు మోతాదు సరిచేయాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో తాత్కాలికంగా ఆపమంటారు. గర్భం దాల్చిన స్త్రీ వాడితే కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కనుక పిల్లల్ని కనాలనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. దీనికంటే ఎక్కువగా చెప్పవలసింది మరోటుంది. ఒళ్లునొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు మూత్రపిండాలనూ చెవినీ రెంటినీ దెబ్బతీస్తాయి. పొగాకు బ్యారన్ దగ్గర, మిర్చి కోతల్లో పనిచేసి వచ్చి రాత్రికి నొప్పి బిళ్ల వేసుకోవడం అలవాటైన చోట ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

దాత ఎవరు

మూత్రపిండ మార్పిడి ఈ రోగులకు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే కొత్త మూత్రపిండంలో లోపమున్న జన్యువు ఉండదు, జబ్బు తిరగబెట్టదు. మార్పిడి చేయించుకున్నవారిలో మూడు నుంచి ఐదు శాతం మందిలో మాత్రం, ఒంటికి ఎన్నడూ పరిచయం లేని కొల్లాజెన్ కొత్తగా కనబడేసరికి రోగనిరోధక శక్తి దానిమీద దాడిచేసి మూత్రపిండాన్ని పోగొట్టవచ్చు, అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. పోయిన వినికిడి మాత్రం తిరిగిరాదు. రోగనిరోధక శక్తిని అణచిపెట్టే టాక్రోలిమస్ వంటి మందులు జీవితాంతం వాడాలి, వాటితో ఇన్ఫెక్షన్లు, కొందరికి మధుమేహం వచ్చే ముప్పు ఉంది.

అసలు చిక్కు దాత దగ్గర వస్తుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువులకు ప్రాధాన్యమిస్తుంది. మన దేశంలో బతికుండగా మూత్రపిండం ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే. కొడుకు మంచాన పడితే 'నాది తీసుకోండి' అని ముందుకొచ్చేది తల్లి. ఎక్స్ ద్వారా వచ్చిన ఆల్పోర్ట్‌లో ఆమెకు కూడా చాలావరకు అదే జబ్బు, తేలిక రూపంలో ఉంటుంది. ఒక మూత్రపిండం ఇచ్చేస్తే మిగిలినదాని మీద భారం పెరిగి, పదేళ్లకో పదిహేనేళ్లకో ఆమే డయాలసిస్ గదికి చేరవచ్చు. అక్కాచెల్లెళ్ల విషయంలోనూ అదే అనుమానం. ఈ జబ్బుతో ఏ సంబంధమూ లేని మనిషి ఆ ఇంట్లో ఒకరుంటారు: తండ్రి. అతని ఎక్స్ కొడుక్కి రానే రాలేదు. బీపీ, షుగరు లేకపోతే ఎక్కువ సందర్భాల్లో దాతగా ముందు పరిశీలించవలసింది అతన్నే. పని చేసి పోషించేవాడి ఒళ్లు కోయిస్తే ఎలా అని ఇంట్లో అంటారు. ఆ ఇంట్లో తల్లి చేసే పని పనిగా లెక్కకు రాకపోవడం వల్ల పుట్టిన మాట అది. బ్లడ్ గ్రూపు కలవకపోవడం వంటి కారణాలతో తండ్రి కుదరకపోతే ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించి, బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవం కోసం ఎదురుచూడవలసి ఉంటుంది.

ఇక ఆడపిల్లల సంగతి. జబ్బు పేరు బయటపడితే పెళ్లికాదన్న భయంతో చాలా ఇళ్లలో కొడుకు డయాలసిస్‌నే దాచిపెడతారు, చెల్లెలి మూత్రపరీక్ష ఊసు అసలే ఎత్తరు. భయం అర్థం చేసుకోదగ్గదే. నిందించే హక్కు మనకు లేదు. కాని దాచిన లోపం పెళ్లి తర్వాత తొలి కాన్పులో, బీపీ రూపంలో, మూర్ఛవాతం ముప్పు రూపంలో బయటపడినప్పుడు ఆ అమ్మాయి పక్కన ఆ విషయం తెలిసిన డాక్టరు ఉండరు. ముందే తెలిసిన అమ్మాయికి ఏడాదికోసారి బీపీ, మూత్రం, క్రియాటినిన్ చూపించుకోవడం, కాన్పుకు అన్ని వసతులున్న ఆసుపత్రిని ఎంచుకోవడం చాలావరకు సరిపోతాయి.

కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో తిరుపతి స్విమ్స్‌కు, వేలూరుకు, చెన్నైకి వెళ్లే రోగుల చేతిలో ప్లాస్టిక్ కవరు ఒకటి ఉంటుంది. అందులో స్కానింగులు, క్రియాటినిన్ కాగితాలు, పాత మందుచీటీలు అన్నీ ఒకే మనిషివి ఉంటాయి. ఆ కవరులో ఇంకో కాగితం ఉండాలి: అమ్మ వైపు ఎవరెవరికి వినికిడి తగ్గింది, ఏ వయసులో, ఎవరు ఒళ్లు ఉబ్బి పోయారు, ఎవరి కాన్పు బీపీతో కష్టమైంది, ఏ పిల్లవాడికి జ్వరం వస్తే మూత్రం రంగు మారుతుంది, ఎవరెవరివి మేనరికపు పెళ్లిళ్లు. ఏ ల్యాబూ దాన్ని ముద్రించి ఇవ్వలేదు. ఆ వివరాలు ఇంట్లో సాధారణంగా అమ్మమ్మకే తెలిసి ఉంటాయి, ఆమెను కూర్చోబెట్టి అడిగి ఎవరో ఒకరు రాయాలి.